పెన్సిల్‌తో రాసిన దూరాలు

మాచర్ల,
7 సెప్టెంబర్ 2025, ఆదివారం.

అఫ్రీన్‌కు దాదీ దీవెనలు.

నువ్వు విశాఖపట్నం స్పోర్ట్స్ హాస్టల్‌లో చేరి ఈ రోజుకు ఇరవై రెండు రోజులు. ఇన్ని రోజుల్లో వార్డెన్ గారి ఫోన్‌లో నాతో మాట్లాడింది మూడుసార్లు, అన్నీ కలిపి పదకొండు నిమిషాలు. వెనక వరుసలో పిల్లలు "తొందరగా కానీయవే" అంటుంటే నువ్వు "బాగున్నా దాదీ, తిన్నా దాదీ" అని పెట్టేస్తున్నావు. ఆ మాటల వల్ల నాకు తెలిసేదేమీ లేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ రాయాలి. నీ పెట్టెలో నీలం తువాలు కింద పది కవర్లు పెట్టాను. చిరునామా కూడా నేనే రాసి ఉంచాను, సాకులు లేకుండా.

ప్రతి ఆదివారం ఆ వారంలో నువ్వు విసిరిన వాటిలో అన్నిటికన్నా దూరం పడినది ఎంతో రాసి పెట్టుకో, ఉత్తరంలో పంపు. మన నోట్‌బుక్ నా దగ్గరే ఉంది. ఎనిమిదో తరగతిలో మొదటిసారి షాట్‌పుట్ గుండు విసిరిన నాడు 6 మీటర్ల 12 నుంచి నువ్వు హాస్టల్‌కి బయలుదేరిన రోజు దాకా మొత్తం వెయ్యి నాలుగువందల పై చిలుకు అంకెలు ఉన్నాయి అందులో. నేను కళ్ళారా చూసినవి పెన్నుతో రాశాను. ఇకమీదట నువ్వు రాసి పంపేవి పెన్సిల్‌తో రాస్తాను. నీ మీద నమ్మకం లేక కాదు. చూసినదానికీ విన్నదానికీ తేడా ఉండాలి.

హాస్టల్ వాళ్ళ షరతు మరిచిపోకు. డిసెంబర్‌లో జాతీయ పోటీలు గువాహటిలో. అక్కడ 13 మీటర్ల 50 దాటితేనే నీ సీటు ఉంటుంది, లేకపోతే ఇంకో పిల్లకి పోతుంది. జులైలో నీది 13.18. అయిదు నెలల్లో ముప్పై రెండు సెంటీమీటర్లు. నీకది పెద్ద పని కాదని నా లెక్క.

జులై సంగతి ఫోన్‌లో ఎత్తితే నువ్వు మాట మార్చావు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. రాష్ట్ర పోటీల్లో ఆ కుర్రాడు టేపు తప్పుగా పట్టాడు. గుండు పడిన గుంటకి మన వైపు అంచు దగ్గర పట్టాలి. వాడు అవతలి అంచు దగ్గర పట్టాడు. గ్యాలరీ దిగి వచ్చి చెప్పాను. మళ్ళీ కొలిస్తే 13.24 కాస్తా 13.18 అయింది. 13.20 విసిరిన పిల్లకి బంగారు పతకం, నీకు వెండి. ఆ ఆరు సెంటీమీటర్లు నీవి కావు. అందులో నేను బాధపడేది ఏమీ లేదు.

మీ అబ్బా షాపులో పని ఎక్కువగా ఉంది. మజ్జిగ తాగు.

దాదీ
(సాబిరా బేగం)


విశాఖపట్నం,
21 సెప్టెంబర్.

అస్సలాము అలైకుం దాదీ.

ఉత్తరం అందింది. హాస్టల్‌లో ఉత్తరం వచ్చింది నాకొక్కదానికే. అందరూ చుట్టూ చేరారు. నా రూమ్మేట్ పూర్ణిమ కవర్ వాసన చూసి "కోర్టు నోటీసా ఏందే" అంది. దానిది వెల్దుర్తి, మన మాటే మాట్లాడుతుంది, అందుకని అది అన్నా కోపం రాదు.

ఇక్కడ పొద్దున అయిదున్నరకి గ్రౌండ్. కుసుమ మేడమ్ మా కోచ్. అరవరు. అరిస్తేనే బాగుండేది, మెల్లగా "మళ్ళీ" అంటారు, అంతే. ఇప్పటిదాకా నేను నిలబడి పక్కకి తిరిగి విసిరేదాన్ని కదా, ఇప్పుడు వెనక్కి తిరిగి, వంగి, ఒంటికాలి మీద జారుతూ వచ్చి విసరాలి. దాన్ని గ్లైడ్ అంటారు. బాగానే వస్తోంది.

ఈ వారం 13.30. రాసుకో, పెన్సిల్‌తోనే.

టేపు సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి నేనూ రాస్తున్నాను. ఆ కుర్రాడిది తప్పే. నాకు తెలుసు. కానీ మైకులో నా పేరు మొదట చెప్పాక, అందరూ చప్పట్లు కొట్టాక, మా సొంత దాదీ మెట్లు దిగి వచ్చి "ఆగండి, టేపు ఇక్కడ కాదు" అంటే నాకెలా ఉంటుందో నువ్వు ఆలోచించలేదు. ఆ బంగారు పతకం పిల్ల కూడా నా వైపు జాలిగా చూసింది. ఇక్కడ కూడా తెలిసిపోయింది. కొందరు నన్ను 'టేపు' అని పిలుస్తున్నారు.

అందుకని దాదీ, గువాహటికి నువ్వు రావద్దు. అబ్బాని కూడా రావద్దను. అంత దూరం మీకెందుకు. నేను విసిరి వస్తాను. కొలత రాసిన స్లిప్ పంపిస్తాను.

మజ్జిగ తాగుతున్నాను.

అఫ్రీన్


మాచర్ల,
19 అక్టోబర్ 2025.

అఫ్రీన్‌కు దాదీ దీవెనలు.

నీ మూడు ఉత్తరాలూ ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. సెప్టెంబర్ 21న 13.30 అన్నావు. అక్టోబర్ 5న 13.30. అక్టోబర్ 12న 13.30. ఒక్క సెంటీమీటర్ కూడా అటూ ఇటూ కాలేదు. మూడేళ్ళ నోట్‌బుక్ మొత్తం వెతికాను. వరుసగా మూడుసార్లు ఒకే అంకె ఎక్కడా లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు దుర్గి హైస్కూల్‌లో లెక్కలు చెప్పాను. చేసిన లెక్కేదో, జవాబు ఊహించి రాసిన లెక్కేదో నాకు తెలుస్తుంది.

ఆ మూడు అంకెలూ రబ్బరుతో చెరిపేశాను. ఆ వరుసలు ఖాళీగా ఉన్నాయి. నిజం ఎంతో రాస్తే నింపుతాను. ఎంత తక్కువైనా పర్వాలేదు. తక్కువ అంకెకు నేనెప్పుడూ నిన్ను తిట్టలేదు. లేని అంకెకు తిడతాను.

రెండో విషయం. రైలు టికెట్లు అరవై రోజుల ముందు తెరుస్తారు. శుక్రవారం పొద్దున ఎనిమిదికి మీ అబ్బా ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. విజయవాడ నుంచి గువాహటికి రెండు టికెట్లు తీశాడు, నాకు కింద బెర్త్ దొరికింది. నువ్వు రావద్దన్న ఉత్తరం వాడికి చూపించాను. చదివి, గ్రీజు చేతులు తుడుచుకుని, "అది రావద్దంటే మానేస్తామా అమ్మీ, చానా దూరం కదా, దారి తెలవక వచ్చామని చెబుదాం" అన్నాడు. షాపు ఎనిమిది రోజులు మూస్తాడట.

నువ్వు నా మీద కోపంగా ఉండవచ్చు. కోపానికీ ప్రయాణానికీ సంబంధం లేదు.

దాదీ


విశాఖపట్నం,
2 నవంబర్.

దాదీ,

నువ్వు చెరిపిన మూడు వారాల నిజం అంకెలు వరుసగా 12.64, 12.58, 12.70. ఇంటి దగ్గర కన్నా అర మీటర్ తక్కువ. ఇప్పుడు నింపుకో.

నేను కావాలని అబద్ధం రాయలేదు. మొదటి వారం ఒకసారి 13.30 పడింది, అది కూడా సర్కిల్ దాటి ఫౌల్ అయింది. తరవాతి వారం పెరుగుతుంది కదా అని అదే రాశాను. పెరగలేదు. తరవాత ఎలా తగ్గించాలో తెలియలేదు.

గ్లైడ్ నాకు రావడం లేదు. కాళ్ళు వస్తున్నాయి. మేడమ్ కూడా కాళ్ళు బాగున్నాయన్నారు. జారి వచ్చి చెయ్యి చాపే సమయానికి గుండు వేళ్ళ మొదట్లో ఉండాలి, నాకేమో అరచేతిలోకి దిగిపోతోంది. అక్కడికి దిగితే మణికట్టు తిరగదు. ముద్దలా వదిలేసినట్టు పడుతుంది. "వేళ్ళెందుకు అంత విప్పుతావు" అంటారు మేడమ్. నేను విప్పడం లేదు, అవే విప్పుకుంటాయి. ఇక్కడ గుండు చేతిలో నిమ్మకాయంత అనిపిస్తుంది. పట్టుకోవడానికి ఏమీ లేనట్టు. బరువు మాత్రం అంతే ఉంటుంది.

మన రాతి గుండు సంగతి మేడమ్‌కి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. వీళ్ళందరూ చిన్నప్పటి నుంచి కొన్న గుండుతో నేర్చుకున్నారు. నేను రాయి విసురుతూ పెరిగానంటే 'టేపు' పోయి ఇంకో పేరు వస్తుంది.

నువ్వు రావద్దనేది టేపు వల్ల ఒక్కటే కాదు. ఇంకొకటి ఉంది, రాసేస్తాను. నేను విసిరి వెనక్కి తిరిగి గ్యాలరీ వైపు చూస్తాను. మూడేళ్ళుగా ఎప్పుడు చూసినా నీ ముసుగు అంచు కనిపిస్తుంది, అంతే. నువ్వు తల వంచుకుని నోట్‌బుక్‌లో రాస్తూ ఉంటావు. 12.64 విసిరి తిరిగి చూస్తే కూడా అదే కనిపిస్తుంది. అది చూడటానికి అంత దూరం ఎందుకు రావాలి నువ్వు.

అఫ్రీన్


మాచర్ల,
9 నవంబర్ 2025.

అఫ్రీన్,

ఈ ఉత్తరం అందిన రోజే కుసుమ మేడమ్ గారికి చూపించు. ఆమె కోసం కూడా రాస్తున్నాను.

"నిమ్మకాయంత" అన్న నీ మాట రెండుసార్లు చదివాను. తరవాత కుట్టుమిషన్ టేపు తీసుకుని వాకిట్లో కూర్చున్నాను. నీ రాతి గుండు చుట్టుకొలత నలభై సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లు. ఆ తరవాత ముందు గది తలుపుకి అడ్డంగా ఉన్న ఇనుప గుండు కొలిచాను. ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లు. బరువు దాదాపు ఒకటే. వ్యాసంలో మాత్రం దగ్గర దగ్గర నాలుగు సెంటీమీటర్ల తేడా.

నీకు గుర్తుందో లేదో, ఆ ఇనుప గుండు మీ అబ్బా చేయించాడు. నీకు పదమూడేళ్ళప్పుడు, లేత్ షాపులో మూడు రోజులు కూర్చుని. నేను బంగారం షాపులో తూకం వేయించాను. మూడు కిలోల నలభై గ్రాములు వచ్చింది. "మూడు కిలోలంటే మూడు కిలోలే, ఇది పనికిరాదు" అన్నాను. వాడు దాన్ని తలుపుకి అడ్డం పెట్టాడు. నేను దుర్గి వెళ్ళి, నా పాత విద్యార్థి గోపాలకృష్ణయ్య చేత రాతి గుండు చెక్కించాను. అది సరిగ్గా మూడు కిలోలు, గ్రాము తేడా లేదు. ఆ రోజు నోట్‌బుక్ మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను కూడా.

రాయి ఇనుము కన్నా తేలిక. అదే బరువుకు రాయి పెద్దదిగా ఉంటుంది. ఇది ఎనిమిదో తరగతి పాఠం. నేను చెప్పిన పాఠం. నీ చేతిలో పెట్టేటప్పుడు గుర్తు రాలేదు.

నిన్న బస్సెక్కి దుర్గి వెళ్ళాను. గోపాలకృష్ణయ్య నంది ముఖం చెక్కుతున్నాడు. టేపు కొలతలు చూపిస్తే తలపాగా తీసి తల గోక్కున్నాడు. "మేడమ్ గారూ, మీరు బరువు చెప్పారు, సైజు చెప్పలా. అప్పుడే అనుకున్నా, ఆడపిల్ల చేతికి ఇదేంది ఇంత గుమ్మడికాయ అని."

"అనుకుంటే చెప్పాలి కదయ్యా" అన్నాను.

"చెప్తే మీరు బెంచీ ఎక్కిస్తారని భయం. ఏడో తరగతి నుంచీ ఉంది నాకు."

అతనికి యాభై రెండేళ్ళు.

మూడేళ్ళు పెద్ద గుండును పట్టడానికి నీ వేళ్ళు విప్పుకోవడం నేర్చుకున్నాయి. నిలబడి విసిరినంత కాలం బలంతో నెట్టేశావు, పోటీల్లో ఇనుప గుండు ఇచ్చినా తెలియలేదు. ఇప్పుడు వేగంగా జారి వచ్చి విసరాలి కాబట్టి బయటపడింది. తప్పు నీ చేతిది కాదు. నాది. మేడమ్ గారికి ఈ సంగతి తెలిస్తే ఏం చేయాలో ఆమెకు తెలుస్తుంది. రాయి విసిరానని చెప్పడానికి సిగ్గుపడకు. రాయి ఇచ్చినదాన్ని నేను, సిగ్గు కూడా నాదే.

మీ అబ్బాతో రాత్రి అన్నం దగ్గర చెప్పాను. "సత్తార్, నీ గుండే సరైనది" అన్నాను. వాడు చెయ్యి కడుక్కుని వచ్చి, "నలభై గ్రాములు ఎక్కువ కదమ్మీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తరవాత ఆ గుండును షాపుకు తీసుకుపోయి పాలిష్ పట్టి తెచ్చాడు.

ఇక టికెట్లు. పోయిన ఉత్తరంలో నేను నిన్ను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు రావద్దంటే రద్దు చేయిస్తాను, మళ్ళీ మాట్లాడను. నోట్‌బుక్ వైపు తల వంచుకుంటానన్న మాట నాకు ఇంతవరకూ తెలియదు. నువ్వు విసిరిన ప్రతిదీ ఎక్కడ పడిందో నాకు తెలుసు. విసిరేటప్పుడు నువ్వెలా ఉంటావో గుర్తు తెచ్చుకుందామని కూర్చుంటే ఒక్కటీ సరిగా రాలేదు.

దాదీ


విశాఖపట్నం,
30 నవంబర్.

అస్సలాము అలైకుం దాదీ.

మేడమ్ నీ ఉత్తరం మొత్తం చదివారు. రెండో పేజీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు. చదివాక "రెండు నెలల నుంచి నీ మోచెయ్యి చూస్తున్నా, అసలు చూడాల్సింది మీ వాకిలి" అన్నారు. తరవాత నన్ను తిట్టారు, మొదటి రోజే ఎందుకు చెప్పలేదని. మెల్లగానే తిట్టారు, చాలాసేపు.

ఇప్పుడు మూడు వేళ్ళకీ కలిపి మెత్తటి టేపు చుట్టి ప్రాక్టీసు చేయిస్తున్నారు. అవి విడిపోకుండా. భోజనం దగ్గర కూడా గుండు చేతిలోనే. పూర్ణిమ దానికి ముద్ద పెట్టబోయింది. పది రోజులకి అలవాటైంది. పోటీలో టేపు ఉండకూడదు కాబట్టి పోయిన సోమవారం నుంచి తీసేసి విసురుతున్నాను.

ఈ వారం 13.31. పూర్ణిమ సాక్షి సంతకం కింద ఉంది చూసుకో. ఇంకా పంతొమ్మిది సెంటీమీటర్లు కావాలి. వస్తాయి.

రాయి సంగతి అందరికీ తెలిసిపోయింది. భయపడినట్టేమీ కాలేదు. డిస్కస్ విసిరే ఒకమ్మాయి వాళ్ళింట్లో రొట్టెల పెనంతో నేర్చుకుందట.

నువ్వు రా. అబ్బా కూడా. కానీ నోట్‌బుక్ సంచిలోంచి తీయకూడదు. గ్యాలరీ దిగకూడదు. టేపు ఎవరు ఎక్కడ పట్టినా. ఒప్పుకుంటేనే రా.

అఫ్రీన్

సాక్షి: పి. పూర్ణిమ. పదమూడు ముప్పై ఒకటి నిజమే దాదీ గారూ. నేనే ఇవతలి అంచు దగ్గర పట్టాను.


గువాహటి నుంచి తిరుగు ప్రయాణంలో,
20 డిసెంబర్ 2025, శనివారం.

అఫ్రీన్‌కు దాదీ దీవెనలు.

మొన్న స్టేడియం గేటు దగ్గర మనకు పది నిమిషాలు దొరికాయి. నువ్వు ఏడ్చావు, మీ అబ్బా ఫోటోలు తీశాడు, మీ బస్సు హారన్ కొట్టింది. నేను చెప్పవలసినవి ఒక్కటీ చెప్పలేదు. అందుకని రైల్లో రాస్తున్నాను. బండి కదులుతోంది కాబట్టి అక్షరాలు వంకర పోతాయి, సర్దుకో.

వచ్చేటప్పుడు రెండు రాత్రులూ మీ అబ్బా నా సంచి తన తలకింద పెట్టుకుని పడుకున్నాడు. దొంగల భయం అనుకున్నాను. గ్యాలరీలో కూర్చున్నాక చెప్పాడు. "నోట్‌బుక్ తీస్తావని, అమ్మీ. నీకు తెలవకుండానే తీస్తావ్ నువ్వు." నిజంగానే నీ పేరు పిలవగానే నా చెయ్యి సంచి వైపు పోయింది. వాడు జిప్ మీద చెయ్యి వేశాడు.

మేము కూర్చున్న చోటు నుంచి టేపు కనిపించదు. అంత పెద్ద స్టేడియంలో ఎవరు ఎక్కడ పడుతున్నారో ఏమీ తెలియదు. కాబట్టి నాకు చూడటానికి నువ్వు ఒక్కదానివే మిగిలావు.

నువ్వు సర్కిల్‌లోకి వచ్చే ముందు కుడి కాలి బూటును ఎడమ పిక్కకి రుద్దుతావు. గుండును మెడకి ఆనించి కళ్ళు మూసుకుంటావు, ఊపిరి రెండుసార్లు. మెడ మీద సుద్ద మరక అంటుకుంటుంది. వంగినప్పుడు నీ జడ ముందుకు జారుతుంది. మూడేళ్ళుగా ఇదంతా ఉండి ఉండాలి. మొదటిది ఫౌల్ అయింది. ఎర్ర జెండా లేచింది. నువ్వు తల పైకెత్తి మా వైపు చూశావు. నేను చెయ్యి ఎత్తాను. నీకు కనిపించిందని నాకు తెలుసు, ఎందుకంటే నువ్వు వెంటనే బూటు రుద్దడం మొదలుపెట్టావు.

రెండు, మూడు వరుసగా పెరిగాయి, మొదటి ఎనిమిది మందిలోకి వచ్చావు, ఇంకో మూడు విసిరే అవకాశం దొరికింది. నాలుగు, అయిదు అక్కడక్కడే ఆగిపోయాయి. మీ అబ్బా బోర్డు చూసి చెబుతూ వచ్చాడు. అయిదోది అయ్యాక వాడు చెప్పడం మానేశాడు. ఇంకా 13.50 రాలేదని అర్థమైంది.

ఆరోదానికి నేను నీ చేతిని చూశాను. వేళ్ళు మూడూ కలిసే ఉన్నాయి. జారి వచ్చేటప్పుడు కూడా విడిపోలేదు. గుండు వేళ్ళ మొదట్లోంచి వెళ్ళిపోయాక చివర్న మణికట్టు తిరిగింది, తలుపు గడియ తీసినట్టు. అది ఎక్కడ పడిందో నేను చూడలేదు. నువ్వు కూడా చూడలేదు. వెనక అడుగు వేసి సర్కిల్ బయటికి వచ్చి, వాళ్ళు టేపు పట్టక ముందే గ్యాలరీ వైపు తిరిగావు. ఎండ ఎదురుగా ఉండి నీ ముఖం పూర్తిగా కనిపించలేదు. అయినా నవ్వుతున్నావని తెలిసింది. నేను లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలియదు.

అప్పుడు మీ అబ్బా నా భుజం పట్టుకుని ఊపాడు. "పదమూడు అరవై ఒకటి. అమ్మీ, అరవై ఒకటి." పక్కన కూర్చున్న అస్సాం ఆవిడకి మన మాట ఒక్కటీ రాదు, ఆవిడా లేచి వాడి వీపు తట్టింది.

అయిదో స్థానం. పతకం లేదు. వచ్చే ఏడాది అదీ చూద్దాం. సీటు నిలిచింది. దానికన్నా ముందు చెప్పవలసినది, 13.50 మీద వచ్చిన ఆ పదకొండు సెంటీమీటర్లు నీవే. జులైలో తీసేసినవి ఎంత నీవి కావో, ఇవి అంత నీవి.

ఇక జరగవలసినవి:

1. పోటీ స్లిప్ రెండు నకళ్ళు తీయించు. ఒకటి ఈ ఉత్తరం అందిన రోజే వార్డెన్ గారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో.

2. కుసుమ మేడమ్ గారికి నా నమస్కారాలు చెప్పు. గ్రౌండ్‌లోనే చెప్పు, అందరి ముందూ.

3. సెలవులకి వచ్చినప్పుడు మీ అబ్బా చేయించిన గుండుతోనే ప్రాక్టీసు. నలభై గ్రాములు అలాగే ఉంటాయి. అరగదీస్తానన్నాడు, వద్దన్నాను.

4. రాతి గుండు ఇకమీదట ముందు గది తలుపుకి అడ్డం. ఈ మాట గోపాలకృష్ణయ్యకు నేనే వెళ్ళి చెబుతాను. అతను బాధపడకుండా ఎలా చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.

5. వచ్చే పోటీలు ఎక్కడైనా మేమిద్దరం వస్తాం. తేదీ తెలిసిన రోజే రాయి. అరవై రోజుల ముందు టికెట్లు తీయాలి.

6. ఈ ఉత్తరంతో పాటు నోట్‌బుక్ పంపుతున్నాను. డెబ్బై మూడో పేజీలో గువాహటి అని రాసి ఆరు గళ్ళు గీశాను. అన్నీ ఖాళీగా ఉన్నాయి. కొలిచేటప్పుడు నేను చూడలేదు కాబట్టి నేను రాయకూడదు. అవి నువ్వే నింపాలి. పెన్నుతో.

దాదీ